బ్యాటరీ మార్చే పని లేని సెన్సర్: గది వెలుతురుతోనే నడిచేలా కట్టుకోవడం ఎలా

సెన్సర్ పెట్టడం తేలిక, దాన్ని ఏళ్ల తరబడి నడిపించడమే కష్టం. ఒకటో రెండో ఉంటే బ్యాటరీ అయిపోయినప్పుడల్లా నిచ్చెనెక్కి మార్చుకోవచ్చు. భవనం నిండా రెండు వందలు ఉంటే మాత్రం ఎప్పుడు చూసినా వాటిలో ఏదో ఒకటి ఆగిపోయే ఉంటుంది. చుట్టూ ఉన్న వెలుతురు, వేడి, కదలికల నుంచి కరెంటు తీసుకుని తనంతట తాను నడిచే పరికరం ఇలాంటి చోట పనికొస్తుంది. దీన్నే ఎనర్జీ హార్వెస్టింగ్ అంటున్నారు.

ఈ పని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందుగా సోలార్ ప్యానెల్ కొంటారు. దాన్ని చివరికి వదిలేయండి. ముందు ఖర్చు ఎంతో తెలియాలి, ఆ తర్వాత దాన్ని తగ్గించాలి, అప్పుడే సంపాదన సంగతి. ఇక్కడ ఉదాహరణగా ఒకే పరికరాన్ని మొదటినుంచి చివరిదాకా కడదాం: గదిలో ఉష్ణోగ్రత, తేమ కొలిచి, 5 నిమిషాలకోసారి బ్లూటూత్‌లో చిన్న సందేశం పంపేది. దానికి ఆధారం గది వెలుతురే. మీకు కావలసింది వేరే పరికరమైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

1. జమాఖర్చు రాయండి

కొలతలకు ఒక ఆనవాలు కావాలి. నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీలో సుమారు 225 మిల్లీయాంప్ అవర్లు ఉంటాయి. ఏడాదికి 8,760 గంటలు. భాగిస్తే దాదాపు 25 మైక్రోయాంప్‌లు (మైక్రోయాంప్ అంటే యాంప్‌లో పది లక్షో వంతు) వస్తుంది. అంటే మీ పరికరం సగటున 25 మైక్రోయాంప్‌లు తింటే ఆ బ్యాటరీ ఏడాది వస్తుంది. 5 తింటే అయిదేళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అయిదేళ్లు చాలు, చేతికందే చోటే ఉంటుంది, పదో పరకో పరికరాలే అనుకుంటే నాణెం బ్యాటరీ వేసి ఈ పని ఇంతటితో ముగించండి. అది తక్కువ తంటా, తక్కువ ఖర్చు. హార్వెస్టింగ్‌కు అర్థం ఉండేది పరికరాలు లెక్కకు మించి ఉన్నప్పుడు, చెయ్యి పెట్టలేని చోట బిగించినప్పుడు, లేదా పదేళ్లు పైన నడవాలన్నప్పుడు.

అలా కాదు, కట్టాల్సిందే అనుకుంటే కాగితం మీద రెండు వరసలు గీయండి. మొదటిది, పరికరం నిద్రలో ఉన్నప్పుడు తీసుకునే కరెంటు. రెండోది, లేచిన ప్రతిసారీ అయ్యే ఖర్చు. మొదటిదాన్ని మైక్రోయాంప్‌లలో, రెండోదాన్ని మైక్రోజూల్స్‌లో రాయండి. జూల్ ఖర్చు కట్టడానికి వోల్టేజిని కరెంటుతో, వచ్చినదాన్ని సెకన్లతో గుణిస్తే చాలు.

మన పరికరంలో నిద్ర ఖర్చు ఇలా ఉంటుంది. ఎన్‌ఆర్‌ఎఫ్52832 లాంటి బ్లూటూత్ చిప్ గడియారం మాత్రమే నడుపుకుంటూ నిద్రపోతే సుమారు 2 మైక్రోయాంప్‌లు. ఎస్‌హెచ్‌టీ40 తేమ సెన్సర్ ఖాళీగా ఉంటే 0.1 కంటే తక్కువ. కరెంటు పోగుచేసే హార్వెస్టర్ చిప్ తనకోసం 0.5. నిల్వ కోసం పెట్టే సూపర్ కెపాసిటర్‌లో (చిన్న బ్యాటరీలా కరెంటు దాచే భాగం) లీకేజీ, అంటే ఊరికే కారిపోయేది, 2 అనుకుందాం. మొత్తం 4.6. సౌలభ్యం కోసం అన్నింటికీ 3 వోల్టులే వేస్తే 14 మైక్రోవాట్‌లు.

లేచినప్పటి ఖర్చు చూడండి. కొలవడానికి, లెక్క చేయడానికి 10 మిల్లీసెకన్లపాటు సగటున 3 మిల్లీయాంప్‌లు అనుకుంటే 90 మైక్రోజూల్స్. సందేశాన్ని మూడుసార్లు పంపుదాం, ఒక్కోటి 3 మిల్లీసెకన్లు, 5 మిల్లీయాంప్‌లు, అది 135. రెండూ కలిపి 225 మైక్రోజూల్స్. 5 నిమిషాలకు, అంటే 300 సెకన్లకు ఒకసారి కాబట్టి సగటు 0.75 మైక్రోవాట్.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి: 14, 0.75. పని చేసినందుకు అయ్యేది మొత్తంలో దాదాపు ఇరవయ్యో వంతే. మిగతాదంతా ఊరికే పడుకున్నందుకు కట్టే అద్దె. 5 నిమిషాల విరామాన్ని 10 నిమిషాలు చేస్తే మిగిలేది 0.4 మైక్రోవాట్ కూడా కాదు. నిద్ర కరెంటులో 1 మైక్రోయాంప్ తగ్గిస్తే 3 మైక్రోవాట్‌లు మిగులుతాయి. చాలామంది సందేశాలు తగ్గించి బ్యాటరీ పొదుపు చేశామనుకుంటారు. ఈ స్థాయిలో అది పొదుపే కాదు. అదే 10 సెకన్లకోసారి పంపాలనుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది: పని ఖర్చు 22 మైక్రోవాట్‌లు దాటి నిద్రను మించిపోతుంది. మీ పరికరం ఈ రెండిట్లో ఎటువైపు ఉందో తెలియకుండా ఏ మార్పూ చేయకండి.

మొత్తం 15 మైక్రోవాట్‌లు అనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజుకు 1.3 జూల్స్ కావాలి.

2. భాగాలను ఖర్చు చూసి ఎంచుకోండి

సెన్సర్ డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) ముందు చూడాల్సింది ఖచ్చితత్వం కాదు. ఖాళీగా ఉన్నప్పటి కరెంటు, లేచి కొలత ఇవ్వడానికి పట్టే సమయం. ఈ రెండూ చిన్నవైతేనే ముందుకు వెళ్లండి. ఎస్‌హెచ్‌టీ40 అత్యంత జాగ్రత్తగా కొలిచినా 10 మిల్లీసెకన్లలోపే ముగిస్తుంది. గాలి పీడనం కూడా కావాలంటే బీఎంఈ280 ఉంది, దాని నిద్ర కరెంటు 0.1 మైక్రోయాంప్.

కదలిక పట్టాలంటే ఏడీఎక్స్‌ఎల్362 యాక్సిలరోమీటర్ చూడండి. కదలిక కోసం కనిపెట్టుకుని ఉండే స్థితిలో అది 0.27 మైక్రోయాంప్‌తో సరిపెట్టుకుంటుంది. కదలిక వచ్చినప్పుడు తనే మైక్రోకంట్రోలర్‌ను (ప్రోగ్రాం నడిపే చిప్‌ను) లేపుతుంది కాబట్టి అది మాటిమాటికీ లేచి చూడాల్సిన అవసరం లేదు. కాపలా పని సెన్సర్‌కు అప్పగించి, తెలివైన చిప్‌ను నిద్రపుచ్చడం ఈ రంగంలో బాగా పనిచేసే ఉపాయం.

కొన్ని సెన్సర్లు ఈ లెక్కలోకి రానే రావు. ఎంక్యూ వరస గ్యాస్ సెన్సర్ల లోపల హీటర్ ఉంటుంది. అది ఒక్కటే ముప్పావు వాట్ దాకా తింటుంది. మన పరికరం మొత్తానికి కావలసిన 15 మైక్రోవాట్‌లతో పోలిస్తే ఇది 50,000 రెట్లు. గది వెలుతురుతో దాన్ని నడపాలనుకోవడం వృథా ప్రయాస.

రేడియో సంగతి. వైఫై వద్దు. నెట్‌వర్క్‌లో చేరడానికి 2 సెకన్లు, సగటున 100 మిల్లీయాంప్‌లు అనుకున్నా 3.3 వోల్టుల దగ్గర 0.66 జూల్ పోతుంది. మన పరికరానికి రోజంతటికీ కావలసిన దాంట్లో అది సగం, ఒక్కసారి కలిసినందుకే. బ్లూటూత్ బీకన్ అయితే ఎవరితోనూ చేయి కలపదు, జవాబు కోసం ఆగదు; సందేశం వదిలేసి పడుకుంటుంది. వినేవాడు ఎప్పుడూ మేలుకుని ఉండాలి కాబట్టి గోడ ప్లగ్గుకు పెట్టిన గేట్‌వే ఒకటి తప్పదు. దూరం ఎక్కువైతే లోరా అనే దూరపు రేడియో వాడొచ్చు కానీ అక్కడ స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (దూరం కోసం సందేశాన్ని ఎంత సాగదీయాలో చెప్పే అంకె) మీద కన్నేయండి. 7 దగ్గర పదుల మిల్లీసెకన్లలో అయిపోయే చిన్న సందేశం 12 దగ్గర సెకను దాటుతుంది. అంతసేపూ ట్రాన్స్‌మిటర్ కరెంటు తాగుతూనే ఉంటుంది.

డెవలప్‌మెంట్ బోర్డుల విషయంలో మోసపోకండి. ఈఎస్‌పీ32 చిప్ గాఢనిద్రలో 10 మైక్రోయాంప్‌లే తీసుకుంటుందని డేటాషీట్ చెబుతుంది, అది నిజమే. కానీ చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజిని స్థిరంగా ఉంచే భాగం) తన అవసరానికే 5 మిల్లీయాంప్‌లు వాడుకుంటుంది. పక్కన యూఎస్‌బీ చిప్, ఎప్పుడూ వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ అదనం. ప్రోగ్రాం రాసుకోవడానికి ఆ బోర్డు వాడండి, గోడకెక్కించేది మాత్రం ఇవేవీ లేని చిన్న మాడ్యూల్ అయి ఉండాలి.

3. పెట్టే చోటుకు వెళ్లి వెలుతురు కొలవండి

ఎండలో చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్‌ల వెలుగు పడుతుంది, మామూలు ప్యానెల్ అందులో అయిదో వంతు కరెంటుగా మారుస్తుంది. ఈ అంకెలను గదిలోకి తీసుకురాకండి. లోపల 200 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురులో, గది వెలుతురు కోసమే చేసిన అమార్ఫస్ సిలికాన్ ప్యానెల్ కూడా చదరపు సెంటీమీటరుకు 4 నుంచి 5 మైక్రోవాట్‌లే ఇస్తుంది. కొన్ని వేల రెట్ల తేడా.

ఇంటి కప్పుల మీద పెట్టే స్ఫటిక సిలికాన్ ముక్కను కోసి గదిలో పెడితే బాగా నిరాశపరుస్తుంది. దానికి ఇష్టమైన పరారుణ కాంతి ఎల్‌ఈడీ దీపాల్లో దాదాపు ఉండదు. పైగా మసక వెలుతురులో దాని లోపలి లీకేజీయే పుట్టిన కరెంటులో చాలా భాగం మింగేస్తుంది. పాత కాలిక్యులేటర్ల మీద గోధుమ రంగులో కనిపించే అమార్ఫస్ ప్యానెల్ ఈ పనికి సరైనది.

కొలిచే విధానం ఇది. ప్యానెల్‌ను మీరు బిగించబోయే చోటే, బిగించబోయే కోణంలోనే పట్టుకోండి. దాని రెండు తీగల మధ్య 80 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వోల్టేజి చూడండి. వోల్టేజి వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే పవర్ వస్తుంది. రెసిస్టర్‌ను పెంచుతూ, తగ్గిస్తూ ఏ విలువ దగ్గర పవర్ ఎక్కువో కనిపెట్టండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం దీపాలు వేశాక, ఇలా వేర్వేరు వేళల్లో రాసుకోండి. ఫోన్‌లోని లక్స్ యాప్ మీద ఆధారపడకండి. మీకు కావలసింది వెలుతురు కాదు, దాని నుంచి మీ ప్యానెల్ తీసే కరెంటు. దానికి ప్యానెల్‌ను మించిన కొలత పరికరం లేదు.

ఈ కొలత చేస్తున్నప్పుడు ఒక విషయం మీకే కనబడుతుంది: చోటు మారిస్తే వచ్చే లాభం ముందు చిప్పుల్లో తేడాలు దేనికీ కొరగావు. గోడ మీద నిలువుగా పెట్టినదానికంటే బల్ల మీద పైకి చూస్తూ పెట్టినది ఎక్కువ ఇస్తుంది. కిటికీ దగ్గర నేరుగా ఎండ పడకపోయినా పగటిపూట వేల లక్స్ ఉంటుంది. ఒక్క మీటరు జరిపితే ఆదాయం పదింతలయ్యే చోట, మైక్రోయాంప్ తగ్గించడానికి రాత్రంతా కూర్చోవడం ఎందుకు?

మన లెక్కకు తిరిగి వద్దాం. 25 చదరపు సెంటీమీటర్ల ప్యానెల్, 200 లక్స్, చదరపు సెంటీమీటరుకు 4.5 మైక్రోవాట్‌లు అంటే 112. హార్వెస్టర్ చిప్ దాంట్లో నాలుగింట మూడు వంతులు నిలబెడితే 84. రోజుకు 8 గంటల వెలుతురులో 2.4 జూల్స్. కావలసింది 1.3. పనిరోజుల్లో మిగులే. వారానికి రెండు రోజులు దీపాలు వేయని గది అనుకున్నా, అయిదు రోజుల ఆదాయం 12 జూల్స్, ఏడు రోజుల ఖర్చు 9.1. నడుస్తుంది. మిగులు మరీ ఎక్కువేం కాదు, అందుకే లీకేజీల మీద అంత పట్టు.

వెలుతురు లేని చోటైతే

చీకట్లో వేడి గొట్టమో మోటారో ఉంటే వేరే దారులున్నాయి.

వేడికి థర్మోఎలక్ట్రిక్ మాడ్యూల్ కావాలి. ఒక పక్క వేడి, ఇంకో పక్క చలి ఉంటే కరెంటు పుడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ 1821లో గమనించిన ఫలితమే ఇది. చల్లబరచడానికి అమ్మే 40 మిల్లీమీటర్ల పెల్టియర్ ముక్క, టీఈసీ1-12706 లాంటిది, ఇటు కూడా పనిచేస్తుంది. దానిలో 127 జతలుంటాయి, రెండు ముఖాల మధ్య ప్రతి డిగ్రీ తేడాకూ దాదాపు 50 మిల్లీవోల్టులు ఇస్తుంది. చిక్కు ఎక్కడంటే, గొట్టం 60 డిగ్రీలు, గది 30 డిగ్రీలు ఉన్నంత మాత్రాన మాడ్యూల్‌కు 30 డిగ్రీల తేడా దక్కదు. గాలివైపు హీట్‌సింక్ వేడిని వదల్లేక వేడెక్కిపోతుంది. చివరికి మాడ్యూల్ ముఖాల మధ్య మిగిలేది రెండు మూడు డిగ్రీలే కావచ్చు. 2 డిగ్రీలే దక్కినా, లోపలి రెసిస్టెన్స్ 3 ఓమ్‌లు అనుకుంటే, గరిష్ఠంగా 0.8 మిల్లీవాట్ తీయొచ్చు. ఎల్‌టీసీ3108 చిప్ 20 మిల్లీవోల్టుల నుంచే లేస్తుంది, కానీ అంత చిన్న వోల్టేజి దగ్గర సగానికి పైగా పోగొడుతుంది. అయినా మిగిలేది మన 15 మైక్రోవాట్‌లకు చాలా రెట్లు. ఇక్కడ డబ్బు పెట్టాల్సింది మాడ్యూల్ మీద కాదు, హీట్‌సింక్ మీద.

కంపనాలతో నడిచే, అంటే వంగినప్పుడల్లా కరెంటు పుట్టించే పీజో పట్టీకి తన సహజ ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంటుంది. మోటారు వణుకు దానితో కలిస్తేనే కరెంటు వస్తుంది. రెండు మూడు హెర్ట్జ్ తప్పినా పడిపోతుంది. కొనేముందు యంత్రం ఏ ఫ్రీక్వెన్సీలో వణుకుతోందో కొలిచి, పట్టీ కొసకు బరువు అతికించి సరిచేయాలి. వేగం మారుతూ ఉండే మోటారైతే ఈ ఆలోచన వదులుకోండి.

గాల్లో ఉన్న ఫోన్, వైఫై తరంగాల నుంచి తీద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. ట్రాన్స్‌మిటర్ పక్కనే ఉంటే తప్ప దొరికేది మైక్రోవాట్‌లో చిన్న ముక్క. దానికోసం మొదటి ప్రాజెక్టు పాడుచేసుకోకండి.

మీట నొక్కే బలంతోనే నడిచే స్విచ్‌లు మాత్రం అందమైన ఏర్పాటు. 2001లో మొదలైన ఎన్‌ఓషన్ సంస్థ వీటిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. వేలితో నొక్కినప్పుడు లోపలి అయస్కాంతం కదిలి నూరు పైచిలుకు మైక్రోజూల్స్ పుడతాయి, అవి సందేశం పంపడానికి సరిపోతాయి. నిల్వ లేదు, నిద్ర లేదు, లీకేజీ లేదు. తలుపు తెరవడం, మీట వేయడం లాంటి సంఘటన మాత్రమే తెలిస్తే చాలనుకుంటే, అసలు ముందు ఈ దారే ఆలోచించండి. శక్తినిచ్చేదే సమాచారం కూడా అవుతుంది.

4. హార్వెస్టర్ చిప్, నిల్వ

ప్యానెల్‌ను నేరుగా డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ద్వారా సూపర్ కెపాసిటర్‌కు కలిపితే కూడా పని జరుగుతుంది. కానీ ఇందుకు వాడే షాట్కీ రకం డయోడ్ రాత్రిపూట కాస్త వెనక్కి కారుతుంది, పైగా ప్యానెల్ తనకు అనువైన వోల్టేజి దగ్గర పనిచేయదు. బీక్యూ25570, ఏఈఎం10941 లాంటి చిప్పులు ఈ రెంటినీ చూసుకుంటాయి. బీక్యూ25570 ప్రతి 16 సెకన్లకోసారి ప్యానెల్‌ను క్షణంపాటు వదిలేసి ఖాళీ వోల్టేజి చూస్తుంది, అందులో మీరు చెప్పిన శాతం దగ్గర దాన్ని నడుపుతుంది. సోలార్‌కు 80 శాతం, థర్మోఎలక్ట్రిక్‌కు 50 శాతం పెట్టండి.

ప్యానెల్ కొనేముందు ఒక సంగతి సరిచూసుకోండి. ఈ చిప్పుల ఇన్‌పుట్ 5 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. గదిలో 4 వోల్టులు చూపించే ప్యానెల్ మీద ఎప్పుడైనా నేరుగా ఎండ పడితే ఆ హద్దు దాటొచ్చు. కాబట్టి ప్యానెల్‌ను ఎండలో పెట్టి, ఏమీ కలపకుండా వోల్టేజి కొలిచి, ఆ అంకె హద్దులోపల ఉంటేనే వాడండి.

నిల్వకు ఎంత కెపాసిటర్ కావాలి? గదికి చివరి వెలుతురు శుక్రవారం సాయంత్రం, మళ్లీ వెలుతురు సోమవారం ఉదయం అనుకోండి. మధ్యలో 64 గంటల చీకటి. 15 మైక్రోవాట్‌ల చొప్పున 3.5 జూల్స్. కెపాసిటర్ ఇచ్చే శక్తి తెలియాలంటే పై వోల్టేజి వర్గంలోంచి కింది వోల్టేజి వర్గం తీసేసి, మిగిలినదాన్ని ఫారడ్‌లతో గుణించి సగం చేయాలి. 1 ఫారడ్ కెపాసిటర్ 4.5 నుంచి 2.2 వోల్టులకు దిగితే 7.7 జూల్స్. రెగ్యులేటర్ నష్టం పోగా ఆరున్నర. 0.47 ఫారడ్ అయితే 3 జూల్స్ చిల్లరే. ఆదివారం రాత్రికి చేతులెత్తేస్తుంది. 1 ఫారడ్ తీసుకోండి. దాన్ని 5.5 వోల్టుల దాకా నింపగలిగినా 4.5 దగ్గరే ఆపండి. లీకేజీ తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది.

బోర్డుకు ఇచ్చే వోల్టేజిని 2 వోల్టులకు పెట్టండి. ఈ రేడియో చిప్, ఈ తేమ సెన్సర్ రెండూ దానితో హాయిగా నడుస్తాయి. లెక్కను 3 వోల్టులకు వేశాం కనక ఆ తేడా మనకు కాపుదల.

నాణెం ఆకారపు 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ వాటి లోపలి రెసిస్టెన్స్ పదుల ఓమ్‌లు. రేడియో మోగినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది. అలాంటిది వాడక తప్పకపోతే, పక్కనే 100 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. ఆ క్షణపు దెబ్బ అది కాస్తుంది. టాంటలమ్ మాత్రం పెట్టకండి. అదే విలువకు దాని డేటాషీట్ అనుమతించే లీకేజీ 6 మైక్రోయాంప్‌ల దాకా ఉండొచ్చు. మన పరికరం మొత్తానికి 4.6 కదా!

సూపర్ కెపాసిటర్ బదులు లిథియం సెల్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, లీకేజీ తక్కువ కూడా. కానీ మామూలు లిథియం అయాన్ సెల్‌ను సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, పూర్తిగా దించితే పాడవుతుంది, పైగా ఏళ్లు గడిస్తే మళ్లీ మార్చాల్సిందే. మారుస్తూ ఉండే పని తప్పించుకోవడానికే కదా ఇదంతా.

5. మొదటిసారి లేచే దగ్గర జాగ్రత్త

హార్వెస్టింగ్ పరికరాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఖాళీ కెపాసిటర్‌తో ఉన్న పరికరాన్ని వెలుతురులో పెడతారు. వోల్టేజి నెమ్మదిగా పైకెక్కుతుంది. మైక్రోకంట్రోలర్ లేవగలిగిన హద్దు దాటగానే అది లేస్తుంది, క్రిస్టల్ ఆన్ చేస్తుంది, రేడియో తెరుస్తుంది. నిల్వలో అంత లేదు కాబట్టి వోల్టేజి పడిపోతుంది, చిప్ రీసెట్ అవుతుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. బయటి నుంచి చూస్తే పరికరం చచ్చినట్టే ఉంటుంది. లోపల మాత్రం వచ్చిన ప్రతి మైక్రోజూల్‌నూ తగలేసుకుంటూ ఉంటుంది.

దీనికి మందు లేచే హద్దుకూ పడుకునే హద్దుకూ మధ్య దూరం పెట్టడం. హార్వెస్టర్ చిప్‌లో నిల్వ చాలినంత ఉందని చెప్పే కాలు (పిన్) ఒకటి ఉంటుంది. దాన్ని రెసిస్టర్లతో 3.3 వోల్టుల దగ్గర ఆన్ అయ్యేలా, 2.2 దగ్గర ఆఫ్ అయ్యేలా అమర్చండి. బోర్డుకు కరెంటు ఆ కాలు చెప్పినప్పుడే వెళ్లాలి.

ఇంకోటి, చిప్పు తానే లేవడానికి కావలసిన వోల్టేజి ఆ తర్వాత నడవడానికి కావలసినదానికంటే ఎక్కువ. బీక్యూ25570 లేవడానికి ఇన్‌పుట్ దగ్గర సుమారు 600 మిల్లీవోల్టులు అడుగుతుంది. ఒకసారి లేచాక 100 చాలు. ప్యానెల్ ఒకే సెల్ ఉన్నదైతే మసక గదిలో ఇది ఎప్పటికీ లేవకపోవచ్చు. నాలుగైదు సెల్స్ వరసగా ఉన్న ప్యానెల్ తీసుకోండి.

ఖాళీ 1 ఫారడ్‌ను 3.3 వోల్టులకు తేవడానికే 5.4 జూల్స్ కావాలి. గది వెలుతురులో అది రెండు రోజులకు పైమాటే. బిగించేముందు బల్ల మీదే పవర్ సప్లైతో, కరెంటుకు హద్దు పెట్టి, 4 వోల్టుల దాకా నింపి తీసుకెళ్లండి. రాత్రంతా అలా ఉంచితే ఇంకా మంచిది. కొత్త సూపర్ కెపాసిటర్ మొదటి గంటల్లో ఎక్కువ కారుతుంది, నిండి కూర్చున్నాక లీకేజీ దిగుతుంది.

6. ప్రోగ్రాంకు పొదుపు నేర్పండి

లేవగానే చేయాల్సిన మొదటి పని మళ్లీ పడుకోవడం. ఎల్‌ఈడీ వెలిగించడం, సెన్సర్‌ను పరీక్షించడం, నేను వచ్చానని సందేశం పంపడం, ఏదీ వద్దు. ముందు కొన్ని నిమిషాలు నిద్ర, తర్వాత నిల్వ వోల్టేజి చూసుకోవడం, చాలినంత ఉంటేనే పని.

ప్రతిసారీ ఆ వోల్టేజి చూసి మూడు స్థాయిల్లో నడుచుకోనివ్వండి. 3.5 పైన ఉంటే అనుకున్నట్టే 5 నిమిషాలకోసారి. 2.7 నుంచి 3.5 దాకా ఉంటే సందేశం మూడుసార్లు కాకుండా ఒకసారే, అరగంటకోసారి. అంతకంటే దిగితే రేడియో జోలికి పోకుండా గడియారం మాత్రం నడపాలి. ఇందాక విరామం పెంచితే లాభం లేదన్నానుగా, మరి ఇదెందుకు అంటారేమో. ఇక్కడ ఆశించేది సగటు పొదుపు కాదు. నిల్వ అడుగంటినప్పుడు రేడియో ఒక్క గుక్కలో లాగే కరెంటుకు వోల్టేజి కూలిపోకుండా చూడడం.

ఆ వోల్టేజి చూడడానికి పెట్టే రెండు రెసిస్టర్ల డివైడర్ (వోల్టేజిని కొలవదగినంతకు తగ్గించే జత) కూడా కరెంటు తింటుంది. 1 మెగాఓమ్ రెండు పెట్టినా 3 వోల్టుల దగ్గర నిరంతరం 1.5 మైక్రోయాంప్‌లు పోతాయి. కొలిచేటప్పుడు మాత్రమే కలిసేలా స్విచ్‌లా పనిచేసే చిన్న మాస్‌ఫెట్ పెట్టండి.

రీసెట్ అయినా గుర్తుండాల్సిన లెక్కలేమైనా ఉంటే వాటిని ఫ్లాష్ మెమరీలో మాటిమాటికీ రాయకండి, చెరిపి రాయడం ఖర్చుతో కూడిన పని. అది తరచూ కావాలంటే తక్కువ ఖర్చుతో రాయగలిగే ఎఫ్‌ర్యామ్ మెమరీ ఉన్న ఎంఎస్‌పీ430 రకం చిప్ ఎంచుకోవడం మేలు.

7. నిద్ర కరెంటు వేటాడండి

కాగితం మీద 4.6 మైక్రోయాంప్‌లు వచ్చింది. మొదటిసారి కట్టిన బోర్డు 40 చూపిస్తే ఆశ్చర్యపోకండి. 300 చూపిస్తే అది చాలావరకు ఒక పుల్అప్ రెసిస్టర్ (చిప్ కాలును పై వోల్టేజి వైపు పట్టి ఉంచేది) పనే: 10 కిలోఓమ్‌ల పుల్అప్ ఉన్న కాలును ప్రోగ్రాం కిందికి లాగిపెట్టి నిద్రపోతే 3.3 వోల్టుల దగ్గర 330 మైక్రోయాంప్‌లు ఊరికే పోతాయి. ఎటూ కలపకుండా గాల్లో వదిలేసిన ఇన్‌పుట్ కాళ్లు, ఆపడం మరచిన సీరియల్ పోర్టు, డీబగ్గర్ తగిలించి ఉంచడం, ఇవి తర్వాతి అనుమానితులు. ఒక్కోదాన్నీ ఆపి, ఆపినప్పుడల్లా కొలవండి.

మామూలు మల్టీమీటర్ మైక్రోయాంప్ స్కేలులో పెడితే ఇంకో చిక్కుంది. చాలా మీటర్లు ఆ స్కేలులో ప్రతి మైక్రోయాంప్‌కూ 100 మైక్రోవోల్టులు పడగొడతాయి. నిద్రలో పరవాలేదు, రేడియో 10 మిల్లీయాంప్‌లు అడిగిన క్షణంలో మీటరే 1 వోల్టు మింగి బోర్డును రీసెట్ చేస్తుంది. నార్డిక్ వాళ్ల పవర్ ప్రొఫైలర్ కిట్ లాంటిది ఉంటే ఈ బాధ లేదు, నిద్ర నుంచి రేడియో దాకా మొత్తం గీతగా చూపిస్తుంది.

అది లేకపోతే కెపాసిటర్ పద్ధతి వాడండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 3 వోల్టులకు నింపి కొన్ని గంటలు అలాగే ఉంచండి. తర్వాత సప్లై తీసేసి దానితోనే బోర్డును నిద్రలో నడపండి. 60 సెకన్లలో 0.3 వోల్టు పడితే సగటు కరెంటు 5 మైక్రోయాంప్‌లు: ఫారడ్‌లను వోల్టేజి తగ్గుదలతో గుణించి సెకన్లతో భాగించడమే. బోర్డు కలపకుండా కూడా ఒకసారి చేసి, కెపాసిటర్ సొంత లీకేజీని తీసేయండి. మీటరును మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే తాకించండి, ఎందుకంటే దాని 10 మెగాఓమ్‌లు కూడా 0.3 మైక్రోయాంప్ తాగుతాయి.

చేత్తో సోల్డర్ చేసిన బోర్డయితే ఫ్లక్స్ (సోల్డర్ అతకడానికి వాడే పదార్థం) మరకలను ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. తేమ పట్టిన రోజుల్లో ఆ మరకల మీదుగా కరెంటు పారుతుంది, కడిగాక అంకె దిగడం మీరే చూస్తారు.

8. గోడకెక్కించి గమనించండి

ప్యానెల్ మీద ఎండ పడే చోటైతే తేమ సెన్సర్‌ను దాని వెనకే దాచకండి, ప్యానెల్ వేడిని గది ఉష్ణోగ్రతగా చూపిస్తుంది. పెట్టెకు గాలి ఆడే రంధ్రాలు ఉండాలి. ప్యానెల్ మీద పారదర్శక మూత పెడితే, పెట్టకముందూ పెట్టిన తర్వాతా కరెంటు కొలవండి. మూత తగ్గించే భాగం లెక్కలో రాసుకోవాలి.

పంపే ప్రతి సందేశంలో ఉష్ణోగ్రత, తేమలతోపాటు నిల్వ వోల్టేజిని కూడా చేర్చండి. రెండు బైట్‌లు ఎక్కువైతే ఖర్చు లెక్కలోకి రాదు, దాని విలువ మాత్రం చాలా. ఆ గీత పగలు పైకి, రాత్రి కిందికి పోతూ ఉంటుంది. రోజువారీ ఊగిసలాట పట్టించుకోకండి. సోమవారం ఉదయపు అంకెను మాత్రం వారం వారం పక్కపక్కన రాయండి. అది ఒకే చోట నిలబడితే లేదా పెరుగుతూ ఉంటే పరికరాన్ని అలా వదిలేయొచ్చు. ప్రతివారం కాస్త కాస్త దిగుతూ ఉంటే ముందు ప్యానెల్ మీద దుమ్ము తుడిచి చూడండి, తర్వాత వెలుతురు వైపు జరపండి, అప్పటికీ దిగితే ప్యానెల్ పెద్దది చేయండి. కెపాసిటర్ పెంచితే ఈ రోగం కుదరదు, ఆగిపోయే రోజు కొన్ని వారాలు వెనక్కి జరుగుతుందంతే.